పాట అందరికీ తెలుసు... పాడిన సూర్యకుమారి ఎందరికి తెలుసు?

మన పిల్లలకే కాదు, మనకూ మన అమ్మలకూ కూడా నోటికొచ్చిన పాట ఒకటుంది. బడిలో పొద్దున్నే వరసలో నిలబడి పాడిన పాట, సభ మొదలవగానే అందరూ లేచి నిలబడే పాట. ‘మా తెలుగు తల్లికి’ అని మొదటి ముక్క అనగానే మిగతాది దానంతటదే వచ్చేస్తుంది. రాసిందెవరని అడిగితే కొందరు శంకరంబాడి సుందరాచారి గారి పేరు చెబుతారు. మరి గ్రామఫోను రికార్డు మీద ఆ పాట పాడి ఊరూరికీ పంపిన గొంతు ఎవరిది? ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగి చూశాను. మా వీధిలో సంగీతం నేర్చుకునే ఆడపిల్లల్ని అడిగాను, రిటైరైన టీచర్లను అడిగాను. పది మందిలో ఒకరో ఇద్దరో చెప్పగలిగారు.

ఆ గొంతు మన రాజమండ్రి ఆడపడుచుది. పేరు టంగుటూరి సూర్యకుమారి. 1925 నవంబరు 13న ఇక్కడే పుట్టింది. 2005 ఏప్రిల్ 25న లండన్‌లో కన్నుమూసింది. మధ్యలో ఉన్న దాదాపు ఎనభై ఏళ్ళలో ఆవిడ వెండితెర మీద పాడింది, రేడియోలో పాడింది, అందాల పోటీలో గెలిచింది, న్యూయార్కు రంగస్థలం మీద రాణి వేషం కట్టింది, లండన్‌లో వేరే దేశాల పిల్లలకు మన పాటా ఆటా నేర్పింది. ఒక్క జన్మలో ఇన్ని జన్మలా అనిపిస్తుంది!

పూటకూళ్ళమ్మ మనవరాలు

టంగుటూరి అనగానే మీకు ఆంధ్రకేసరి గుర్తొచ్చే ఉంటారు. అవును, ప్రకాశం పంతులు గారు సూర్యకుమారికి స్వయానా పెదనాన్న. ఆయన తమ్ముడు శ్రీరాములు గారి కూతురు ఈవిడ. అయితే నాకు ఈ కథలో ఆంధ్రకేసరి కన్నా ముందు ఆయన తల్లి గుర్తుకొస్తుంది. భర్త గోపాలకృష్ణయ్య గారు పోయాక సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి, పదిమందికీ వండి వడ్డించి పిల్లల్ని పెంచారు. ఆ రోజుల్లో పూటకూళ్ళమ్మ అంటే లోకానికి చిన్నచూపు. అన్నం తినిపోయినవాళ్ళే వెనకాల ఓ మాట అనేవారు. ఆ మాటలన్నీ దిగమింగి ఆవిడ పొయ్యి ఆర్పకుండా నిలబడింది కాబట్టే ఆ ఇంట్లోంచి ఒక ముఖ్యమంత్రి వచ్చాడు, తరవాతి తరంలో ఒక గాయని వచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పాలి. ప్రకాశం గారికి చిన్నప్పుడు నాటకాల పిచ్చి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారి వెంట ఒంగోలు నుంచి రాజమండ్రి వచ్చింది కూడా ఆ అభిమానంతోనే. నాటకాల్లో ఆయన ఆడవేషాలూ కట్టారు. అప్పట్లో మంచి ఇళ్ళ ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కడమనే మాటే లేదు కదా, మీసాలు రాని మగపిల్లలే సీతలూ ద్రౌపదులూ! పెదనాన్న చీర కట్టుకుని ఆడదానిలా పాడిన కుటుంబంలో, ఒక్క తరం తిరిగేసరికి ఆడపిల్ల తనే తన గొంతుతో లోకం ముందుకొచ్చింది. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆ ఒక్క తరంలో ఎంత దూరం నడిచారో!

నాలుగు గోడల మధ్య పాటలు

ఆ దూరం ఎంతో తెలియాలంటే మన ఇళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో పాట రాని ఆడది ఏ కాలంలోనూ లేదు. లాలిపాట, మేలుకొలుపు, మంగళహారతి, అట్లతద్ది పాట, గొబ్బిపాట, పెళ్ళిలో తలుపు దగ్గర పాట, అప్పగింతల పాట... పుట్టిన దగ్గర్నుంచీ అన్నింటికీ పాటే. కానీ ఆ పాటలు ఇంట్లో పుట్టి ఇంట్లోనే అణిగిపోవాలి. వీధరుగు మీద మగవాళ్ళు కూర్చుంటే వంటింట్లో గొంతు తగ్గాలి. పదిమంది ముందు పాడే ఆడవాళ్ళకు వేరే కులం, వేరే పేరు పెట్టి దూరంగా ఉంచారు. వాళ్ళ సంగీతం కావాలి గానీ వాళ్ళకు గౌరవం మాత్రం ఇవ్వలేదు.

మా అమ్మమ్మది అమలాపురం దగ్గర ఒక చిన్న ఊరు. మజ్జిగ చిలుకుతూ ఆవిడ పాడుతుంటే కవ్వం కూడా తాళం వేస్తున్నట్టుండేదని అమ్మ చెబుతుంది. పక్కింటి వాళ్ళు గ్రామఫోను పెట్టె కొన్నారట. సాయంత్రం వాళ్ళ వసారాలో అది పెడితే మగవాళ్ళంతా చుట్టూ కూర్చునేవారు. అమ్మమ్మ తలుపు చాటున నిలబడి వినేది. రెండుసార్లు వింటే చాలు, మూడోనాడు పాట మొత్తం పెరట్లో వినబడేదట. అలా విని నేర్చుకున్న వాటిలో సూర్యకుమారి పాటలూ ఉన్నాయి. అమ్మమ్మ జన్మలో ఒక్క సభలోనూ పాడలేదు. ఆవిడ గొంతు ఇవాళ ఎక్కడా లేదు. పాడిన ఆడపిల్ల పేరు రికార్డు మీద అచ్చయి వచ్చిందంటే తలుపు చాటున నిలబడ్డ ఆడవాళ్ళకు అదెంత గొప్పగా అనిపించి ఉంటుందో ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

పన్నెండేళ్ళకే తెర మీద

తెలుగులో మొదటి మాటల సినిమా ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అయిదేళ్ళు తిరిగేసరికి, 1937లో, ‘విప్రనారాయణ’లో సూర్యకుమారి కనిపించింది. అప్పటికి పన్నెండేళ్ళు నిండీ నిండని వయసు. ఈ చిన్నపిల్ల పాట కోసం ప్రత్యేకంగా ఒక పాత్రనే కల్పించారని చెబుతారు.

ఇవాళ మనకు సినిమాలో మొహం ఒకరిది, గొంతు ఒకరిది. అప్పుడలా కాదు. కెమెరా తిరుగుతుండగానే మైకు కనబడకుండా పెట్టి, వాద్యాలవాళ్ళను పక్కన నిలబెట్టి, నటి అక్కడికక్కడ పాడాలి. చిన్న తప్పొచ్చినా మళ్ళీ మొదటి నుంచీ. అందుకని పాట రానివాళ్ళకు వేషం దొరకడమే కష్టం. కన్నాంబ, కాంచనమాల, శాంతకుమారి, భానుమతి, ఎస్. వరలక్ష్మి... ఆ తరం వాళ్ళందరూ పాడుతూ నటించినవాళ్ళే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన ‘రైతుబిడ్డ’లో బళ్ళారి రాఘవ గారి పక్కన సూర్యకుమారి నటించింది. జమీందారీ వ్యవస్థలో రైతు పడే అగచాట్ల మీద తీసిన సినిమా అది. చిత్రం ఏమిటంటే దాని నిర్మాత చల్లపల్లి రాజా గారే! మిగతా జమీందార్లు ఊరుకోలేదు, సినిమా మీద పెద్ద గొడవే చేశారు. ఆ తరవాత 1941లో బి.ఎన్. రెడ్డి గారి ‘దేవత’లో నాగయ్య, కుమారి గార్లతో కలిసి నటించింది. పదహారేళ్ళకే ఇంటింటా తెలిసిన పేరయింది.

ఇక్కడొక్క మాట. ఆ వయసు పిల్లలకు ఊళ్ళో పెళ్ళిళ్ళయిపోయేవి. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలకు పెళ్ళి చెయ్యకూడదన్న శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 నుంచి అమలు. చట్టం వచ్చినంత మాత్రాన ఊళ్ళు మారిపోలేదనుకోండి. తోటి పిల్లలు కాపురాలకు వెళుతున్న వయసులో ఒక పిల్ల మైకు ముందు నిలబడి సొంత సంపాదన చేసుకుంటోందంటే, మెచ్చుకున్న నోళ్ళతో పాటు ముక్కున వేలేసుకున్న వాళ్ళూ ఉండే ఉంటారు. వీరేశలింగం గారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన ఊరైనా సరే, అన్నీ ఒక్కసారిగా మారవు కదా!

లక్క పళ్ళెం మీద మూడు నిమిషాలు

సినిమాల కన్నా నాకు ఆవిడలో ఎక్కువ నచ్చింది సినిమాల్లో లేని పాటలు. వాటిని ప్రైవేటు పాటలనేవారు. తరవాత లలిత సంగీతం అన్న పేరొచ్చింది. కవి రాసిన చిన్న గేయం, దానికి తేలిక వరస, వెనకాల రెండు మూడు వాద్యాలు, అంతే. కచేరీలో లాగా రాగాన్ని గంటసేపు సాగదీయడం ఉండదు. మాట మాటా స్పష్టంగా వినబడాలి. భావం చెడకూడదు. అప్పుడే తెలుగులో భావకవిత్వం మంచి జోరు మీదుంది. పిఠాపురం వైపు నుంచి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు, ఎంకి పాటల నండూరి సుబ్బారావు గారు, నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు... పాటలు రాసేవాళ్ళకు మన గోదావరి నేల మీద కొదవే లేదు. ఆ పాటల్ని పెరట్లో పాడుకున్నంత సహజంగా పాడే గొంతు కావాలి. సూర్యకుమారి గొంతు సరిగ్గా అలాంటిదే. సన్నగా, తీయగా ఉండేది. గమకాల బరువు లేదు. అక్షరం నమిలేసేది కాదు. రజనీ గారి ‘శతపత్ర సుందరి’ ఆవిడ పాడగా విన్నవాళ్ళు ఆ పాట పేరెత్తితే ఇప్పటికీ ఆవిడనే తలుచుకుంటారు. గురజాడ వారి దేశభక్తి గేయం కూడా ఆవిడ గొంతులో ఊళ్ళు తిరిగింది.

ఇప్పుడు ఆల్బం అంటున్నామే, ఆ మాట ఎలా వచ్చిందో తెలుసా? అప్పటి రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల పళ్ళెం మీద ఒక వైపు మూడు నిమిషాల పాట పడితే గొప్ప. ఎక్కువ పాటలు కలిపి అమ్మాలంటే రికార్డుల్ని ఫొటోల పుస్తకంలా అట్ట సంచుల్లో కుట్టి ఇచ్చేవారు. అదీ ఆల్బం! మన ఊళ్ళల్లో అంత ఖర్చు ఎవరు పెట్టగలరు? ఒక్కొక్క ప్లేటు చొప్పున కొనుక్కునేవారు. రెండు వైపులా రెండు పాటలు. పెట్టెకు కీ ఇచ్చి, ముల్లు మార్చి, మూడు నిమిషాలయ్యాక తిరగేసి పెట్టుకోవాలి.

ఆ ప్లేటు దేంతో చేసేవారో తెలిస్తే మనలాంటి వాళ్ళకు ఇంకా ముచ్చటేస్తుంది. లక్కతో! మనం వేసుకునే లక్కగాజుల లక్కే. దాంట్లో రాతిపొడీ మసీ కలిపి, వేడి మీద అచ్చు నొక్కేవారు. కింద పడితే గాజులాగే భళ్ళుమని పగిలేది. అందుకే ఆ కాలపు రికార్డులు చాలా మటుకు మిగల్లేదు. పెళ్ళిళ్ళలో, ఇళ్ళు మారడంలో, పిల్లల చేతుల్లో పగిలిపోయాయి.

ఇంకో విశేషం. 1902లో కలకత్తాలో మొట్టమొదటిసారి రికార్డులు చేసినప్పుడు గౌహర్ జాన్ అనే గాయని ప్రతి పాట చివరా తన పేరు తనే గట్టిగా చెప్పేది. రికార్డు విదేశాల్లో అచ్చు వేసేవాళ్ళకు పైన ఏ పేరు అంటించాలో తెలియడానికి ఆ ఏర్పాటు. అవసరం వాళ్ళదే అయినా, ఒక ఆడది పాట పాడి ఇది నాదీ అని చెప్పుకున్న తొలి సందర్భాల్లో అదొకటి. ఆ తరవాత వచ్చిన గాయనులకు చెప్పుకునే పని లేకుండా పేరు ప్లేటు మీదే అచ్చయింది.

సినిమా వద్దన్న పాట

ఇక అసలు పాట సంగతికొద్దాం. తిరుపతిలో 1914లో పుట్టిన సుందరాచారి గారు ‘దీనబంధు’ అనే సినిమా కోసం ఆ పాట రాశారు. నాగయ్య గారి సినిమా, 1942లో వచ్చింది. కానీ ఆ పాట అందులో ఇమడలేదు, పక్కన పెట్టేశారు. అప్పుడు హెచ్.ఎం.వి. గ్రామఫోను కంపెనీ వాళ్ళు కవిగారికి నూటపదహార్లు ఇచ్చి పాట తీసుకున్నారని చెబుతారు. దాన్ని సూర్యకుమారి చేత పాడించి ప్రైవేటు రికార్డుగా విడుదల చేశారు.

సినిమాలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ సినిమా ఆడినన్నాళ్ళు పాడుకుని వదిలేసేవాళ్ళేమో! సినిమా లేకపోవడం వల్ల ఆ పాటకు ఏ కథా, ఏ వేషమూ అంటుకోలేదు. ఒక గొంతు, ఒక పాట... అంతే. అప్పటికి తెలుగువాళ్ళకు సొంత రాష్ట్రం లేదు. మద్రాసు రాష్ట్రంలో కొందరు, నిజాం రాజ్యంలో కొందరు. ఆ పాట మాత్రం హద్దులు అడగకుండా అన్ని చోట్లా మోగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తొలి ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? సూర్యకుమారి పెదనాన్న ప్రకాశం గారే! 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడాది ఆ పాటను రాష్ట్ర గీతం చేశారు. సినిమాకు పనికిరాదని వదిలేసిన పాట రాష్ట్రానికి గుర్తయింది.

ఆ అర్ధరాత్రి

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం రావడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. అందుకని మన జిల్లాల్లో రేడియో ఉన్నవాళ్ళు మద్రాసే వినేవారు. రజనీ గారు 1941లో అక్కడ చేరారు. పాట రాయడం, వరస కట్టడం రెండూ ఆయనవే. 1947 ఆగస్టు 14 రాత్రి పన్నెండు దాటగానే, ఢిల్లీ నుంచి నెహ్రూ గారి ఉపన్యాసం వచ్చిన ఆ రాత్రే, మద్రాసు కేంద్రం నుంచి స్వతంత్ర దేశాన్ని గురించి రజనీ గారు రాసిన పాట వినిపించింది. పాడింది సూర్యకుమారి.

అప్పటికి ఆవిడకు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మొదటి గడియల్లో తెలుగువాళ్ళు విన్న పాట ఒక ఆడపిల్ల గొంతులోంచి వచ్చింది. అందులోనూ, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురెళ్ళి తుపాకీ ముందు గుండె చూపిన మనిషి తమ్ముడి కూతురు! ఇలాంటివి కథల్లో రాస్తే మరీ కల్పించారంటారు. కానీ ఇది కల్పించింది కాదు.

అక్కడితో ఆగలేదు

ఇంత పేరొచ్చిన మనిషి అక్కడే స్థిరపడి ఉంటే సరిపోయేది అనుకుంటాం మనం. కానీ ఈలోగా సినిమా మారిపోయింది. 1943లో ‘భాగ్యలక్ష్మి’ సినిమాలో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతి గారు వెనక నుంచి పాడారు. తెలుగులో నేపథ్యగానానికి అదే నాంది అంటారు. ఆ తరవాత తెర మీది మొహానికీ వెనక గొంతుకూ సంబంధం అక్కర్లేకపోయింది. పాడే నటుల కాలం మెల్లగా వెనకబడింది. జిక్కి, లీల, ఆ తరవాత సుశీల గార్ల కాలం వచ్చింది. పాడుతూ నటించినవాళ్ళలో కొందరు నటన మాత్రం ఉంచుకున్నారు, కొందరు తెర మరుగయ్యారు.

సూర్యకుమారి ఈ రెండూ చెయ్యలేదు. 1952లో మిస్ మద్రాస్‌గా ఎంపికైంది. ఇరవై ఆరేళ్ళ వయసు అప్పుడు. ఆ రోజుల్లో ఇరవై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదంటే ఇరుగుపొరుగులు పలకరింపులోనే ప్రాణం తీసేవారు. అదే ఏడాది మన దేశం నుంచి అమెరికా వెళ్ళిన సినిమా ప్రతినిధుల బృందంలో నర్గీస్, రాజ్‌కపూర్‌లతో పాటు ఈవిడా ఉంది. 1955లో దిలీప్‌కుమార్ సినిమా ‘ఉడన్ ఖటోలా’లో రాణి పాత్ర వేసింది. రాజమండ్రి పిల్ల బొంబాయి దాకా వెళ్ళింది. ఇంకా ముందుకే పోయింది.

1961లో న్యూయార్కులో రవీంద్రనాథ్ టాగూర్ గారి ‘రాజా’ నాటకాన్ని ఇంగ్లీషులో వేశారు. కృష్ణా షా దర్శకుడు. అందులో సుదర్శన రాణి పాత్ర సూర్యకుమారిది. నాటకాల విమర్శకులు ఏటా ఇచ్చే ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు ఆవిడకు వచ్చింది. పరాయి దేశంలో, పరాయి భాషలో, ముప్పై అయిదేళ్ళ వయసులో!

ఆ నాటకం కథ కాస్త చెప్పాలి. అందులో రాజు ఎప్పుడూ చీకటి గదిలోనే ఉంటాడు. రాణికి ఆయన గొంతు తెలుసు, మొహం తెలియదు. కళ్ళారా చూస్తే గానీ నమ్మనంటుంది. ఆ పట్టుదల వల్లే మోసపోతుంది, కష్టాలు పడుతుంది, చివరికి కళ్ళకు కనబడేదే సత్యం కాదని తెలుసుకుంటుంది. ఆ కథ చదువుతుంటే నాకు గ్రామఫోను పెట్టె గుర్తొచ్చింది. మొహం కనబడని గొంతునే కదా మా అమ్మమ్మ తరం తలుపు చాటు నుంచి నమ్మింది, ప్రేమించింది! ఆ గొంతు మనిషే ఆ రాణి వేషం వెయ్యడం నాకు చాలా బాగా అనిపించింది.

లండన్‌లో మన పాట

1965లో సూర్యకుమారి లండన్ చేరింది. నలభయ్యో ఏట కొత్త దేశంలో కొత్త బతుకు మొదలుపెట్టడం మాటలు కాదు. ఇక్కడ మనం నలభై దాటగానే ఇంకేం నేర్చుకుంటాంలే, ఇంకెక్కడికి పోతాంలే అనుకుంటాం. ఆవిడ అక్కడ ‘ఇండియా పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్’ అనే సంస్థ పెట్టింది. భారతీయ నృత్యం, సంగీతం, నాటకం నేర్పింది. టాగూర్ రచనల్ని వేదిక మీదికి తెచ్చింది. మన దేశం నుంచి వలస వెళ్ళిన వాళ్ళ పిల్లలే కాదు, ఇంగ్లీషు వాళ్ళూ వచ్చి నేర్చుకున్నారు. తను ఒక్కతే వేదిక మీద మెరవడం కన్నా పదిమందిని తయారు చేయడం మీద ధ్యాస పెట్టింది.

అక్కడే హెరాల్డ్ ఎల్విన్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయన రచయిత, చిత్రకారుడు, మట్టిపాత్రలు చేసే కళాకారుడు. సైకిలు మీద దేశాలు తిరిగి, చండీగఢ్ దాకా వచ్చి పుస్తకం రాసిన మనిషి. ఎవరో తొందరపెడితే చేసుకున్న పెళ్ళి కాదు, తనకు తగిన మనిషి దొరికినప్పుడు చేసుకున్న పెళ్ళి. ఈ విషయం నేను కావాలనే చెబుతున్నాను. మన ఇళ్ళల్లో పాతికేళ్ళు దాటిన ఆడపిల్లకు ఇప్పటికీ ఎన్ని నీతులు చెబుతున్నామో మనకు తెలుసు కదా!

దాదాపు నలభై ఏళ్ళు ఆవిడ ఆ దేశంలో ఉంది. 2005లో అక్కడే కన్నుమూసింది. డెబ్భై తొమ్మిదేళ్ళు.

పేరు ఎందుకు మరిచిపోయాం?

ఆవిడ జీవితమంతా చదివాక నాకు మిగిలిన ప్రశ్న ఇదొక్కటే. పాట బతికింది, పేరెందుకు బతకలేదు? కారణాలు వెతికితే దొరుకుతాయి. ఒకటి, దేశం వదిలి వెళ్ళిపోయింది. కళ్ళ ముందు లేనివాళ్ళను మనం త్వరగా మరిచిపోతాం. రెండు, ఆవిడ మంచి పాటలు సినిమాల్లో లేవు. సినిమా పాటైతే సినిమా పేరుతో, హీరో పేరుతో అయినా గుర్తుంటుంది. ప్రైవేటు పాటకు ఆ ఆసరా లేదు. మూడోది, లక్క రికార్డులు పగిలిపోయాయి. తరవాత వచ్చిన క్యాసెట్లలో, సీడీల్లో పాత ప్రైవేటు పాటలకు దక్కిన చోటు తక్కువ.

వీటన్నిటికీ తోడు నాలుగోది ఒకటుందని నా అనుమానం. పాట అందరిదీ అయిపోయాక పాడినామెతో పనేమిటన్న ధోరణి. మన ఇళ్ళల్లో జరిగేదే ఇది. అమ్మమ్మ కట్టిన పాట మనవరాలు పెళ్ళిలో పాడుతుంది. ఎవరిదీ పాట అంటే పాతపాటండీ అంటాం. ఎవరో ఒకరు కట్టకుండా అది పాతపాట ఎలా అయింది? ఆవకాయ కొలతల దగ్గర్నుంచి హారతి పాటల దాకా ఆడవాళ్ళు చేసినవన్నీ పేరు లేకుండా అందరివీ అయిపోయాయి. అందరివీ కావడం మంచిదే. పేరు పోవడం మాత్రం మంచిది కాదు.

సూర్యకుమారి విషయంలో పేరు రికార్డు మీద అచ్చయి ఉంది, సినిమా టైటిళ్ళలో ఉంది, న్యూయార్కు అవార్డుల జాబితాలో ఉంది. అన్ని చోట్ల రాసి ఉన్న పేరే ఇంతలా మరుగున పడితే, ఎక్కడా రాయని వాళ్ళ సంగతి ఏమిటి?

ఇప్పుడు ఆవిడ పాటలు వినాలంటే తలుపు చాటున నిలబడక్కర్లేదు. పాత రికార్డుల్ని భద్రపరిచినవాళ్ళు పెట్టిన పుణ్యమా అని కొన్ని ఫోనులోనే దొరుకుతున్నాయి. గరగరమనే చప్పుడు మధ్య ఆ సన్నని గొంతు వినండి. పిల్లలకు వినిపించి పేరు చెప్పండి. అలాగే మీ ఇంట్లో డెబ్భై, ఎనభై ఏళ్ళ అత్తగారో అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం ఓ గంట పక్కన కూర్చుని వాళ్ళకు వచ్చిన పాటలు పాడించండి. నాకేం వచ్చునే, గొంతు పోయింది అంటారు. బతిమాలండి. ఫోనులో రికార్డు చేయండి. చివర్లో వాళ్ళ పేరు, పుట్టిన ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వాళ్ళ నోటితోనే చెప్పించండి. మూడు నిమిషాల పని. మా అమ్మమ్మకు ఆ మూడు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు.